ఆరుబయట స్టేజీ మీద దెయ్యాల మేడ సంగీత నాటకం: పొగ, తెర, పాట ఎలా కుదర్చాలి?

కోరంగి_తీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండి. తాళ్లరేవు వైపు చిన్న నాటక సమాజం మాది. వచ్చే శివరాత్రి జాగారానికి రెండు గంటల సంగీత నాటకం వేయాలనుకుంటున్నాం. పౌరాణికం కాదు. పాడుబడ్డ మేడ, ఆరని దీపం, రాత్రిళ్లు వినపడే జోలపాట, ఇలా భయమూ పాటా కలిసి నడిచే నాటకం. కథ సొంతంగా రాసుకున్నదే. 1839లో మా పక్క రేవు కోరంగిని ముంచిన ఉప్పెన తర్వాత ఒక ఓడల షావుకారు, సముద్రంలో పోయిన కొడుకు తిరిగొస్తాడని మేడ మీద దీపం పెట్టుకుని కూర్చుంటాడు. కోడలు రోజూ రాత్రి జోల పాడుతుంది. ఆవిడ బతికుందా లేదా అన్నది రెండో అంకం దాకా తేలదు. మొదటి రంగంలో కొత్త గుమాస్తా కిరసనాయిలు లాంతరు పట్టుకుని కాలవ లాకుల మీదుగా మేడకొస్తాడు, గోడ మీద కొడుకు ఫొటో చూస్తాడు. అక్కణ్నుంచి కథ మొదలు.

హైస్కూలు గ్రౌండులో స్టేజీ. ముప్పై అడుగుల వెడల్పు, ఇరవై లోతు, నాలుగడుగుల ఎత్తు. జనం ఆరు వందల దాకా వస్తారు. పన్నెండు ఎల్ఈడీ పార్ లైట్లు (రంగులు మార్చగల గుండ్రటి స్టేజీ దీపాలు), 1500 వాట్ల పొగ మిషను ఒకటి, నాలుగు వైర్‌లెస్ కాలర్ మైకులు అద్దెకు దొరుకుతాయి. హార్మోనియం, తబలా, క్లారినెట్, కీబోర్డు మా వాళ్లే.

మాకు అంతుపట్టనివి ఇవి. కోడలు గోడలోంచి కనపడి మళ్లీ గోడలోకే కలిసిపోవాలి. పొగ ముఖాల మీదికి లేవకుండా నేల మీదే పాకాలి. పద్యాలు ఉంచాలా తీసేయాలా అని మాలో మాకే గొడవ. షావుకారు పాత్రకు సగం ముఖం ముసుగు ఉంది, ముసుగు మీద పాడితే మైకు ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

తెరవెనుక_మనిషి

ముందు శివరాత్రి ఎంచుకున్నందుకు అభినందనలు. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుడు తెల్లవారబోయే ముందుగానీ రాడు. ఆరుబయట ఇలాంటి నాటకానికి అంతకంటే మంచి రాత్రి దొరకదు. సంక్రాంతి సూర్యమానం కనుక ఒక్కో ఏడు వెన్నెట్లో పడుతుంది. దసరాకైతే మొదటి మూడు రాత్రులే చీకటి.

చీకటే మీ అసలు సెట్టింగు. లైట్ల అద్దె లెక్క వేసుకునే ముందు చీకటి సంపాదించండి. గ్రౌండు గోడ పక్క వీధిలైట్లను ఆ రెండు గంటలూ ఆపమని పంచాయతీని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే స్టేజీకి ఆ వైపు పది అడుగుల ఎత్తున టార్పాలిన్ కట్టండి. బఠాణీల కొట్టు, టీ కొట్టు బల్బులు జనం వెనక్కి పోవాలి, స్టేజీ పక్కన ఒక్కటి కూడా ఉండకూడదు. మిక్సరు, యాంప్లిఫయరు, పొగ మిషను మీద మెరిసే చిన్న దీపాలకు నల్ల టేపు అంటించండి.

ఇక గోడలో కోడలు. దీనికి నల్ల దోమతెర గుడ్డ చాలు. ముందు నుంచి వెలుతురు పడితే గుడ్డ గోడలా మూసుకుంటుంది. ముందు వెలుతురు తగ్గించి వెనక మనిషి మీద వెలుతురు పెంచితే గుడ్డ మాయమై మనిషి కనపడుతుంది. చెడేది ఎక్కడంటే:

ముందు దీపాన్ని జనం వైపు నుంచి తిన్నగా వేస్తే వెలుతురు రంధ్రాల్లోంచి దూరి వెనక మనిషిని పట్టిచ్చేస్తుంది. కాబట్టి పై నుంచో పక్క వింగు (స్టేజీ పక్కన నటులు దాగే చోటు) నుంచో, గుడ్డను రాసుకుంటూ పోయేలా వేయాలి. తెరకూ ఆమెకూ మధ్య కనీసం నాలుగడుగులు ఎడం, ఆమె వెనక నల్లగుడ్డ. తెల్ల దోమతెర కొనకండి, వెలుతురంతా తిరగ్గొట్టి వెనక ఏమీ కనపడనివ్వదు. నిలువు కుట్లు వెనక దీపం వెలగ్గానే గీతల్లా కనపడతాయి. అందుకని గుడ్డను అడ్డంగా వాడి, కుట్టు తప్పనిచోట దాన్ని మండువా దూలం బొమ్మ వెనక దాచండి. గోడ బొమ్మ వేసేటప్పుడు చిక్కటి రంగు పూయకూడదు, రంధ్రాలు పూడిపోతాయి. పల్చటి అద్దకం రంగును స్పాంజితో అద్దండి.

ఆరుబయట గాలికి తెర ఊగితే గోడ ఊగినట్టే. అడుగు అంచులో గొట్టంలా మడత కుట్టి ముప్పావు అంగుళం ఇనప పైపు దూర్చండి, రెండు చివర్లా వింగు సరుగుడు వాసాలకు కట్టండి. మొదటి వరసను స్టేజీకి పన్నెండు అడుగుల అవతల కూర్చోబెట్టండి. అంతకంటే దగ్గరైతే గుడ్డ నేత కనపడుతుంది.

మార్పుకు ఆరు నుంచి ఎనిమిది సెకన్లు తీసుకోండి. వెనక దీపం మొదలయ్యాక రెండు సెకన్లకు ముందు దీపం దిగడం మొదలు పెట్టాలి. రెండూ ఒకేసారి కదిలిస్తే మధ్యలో ఒక క్షణం స్టేజీ మొత్తం చీకటై, జనానికి కిటుకు తెలిసిపోతుంది.

ఎవరైనా అద్దం కిటుకు వాడమని చెబుతారు. 1862లో లండన్‌లో పెప్పర్ అనే సైన్సు ఉపన్యాసకుడు చూపించిన పద్ధతి అది. 45 డిగ్రీల వాలులో పెద్ద గాజు పలక పెట్టి, స్టేజీ ముందు గోతిలో దాగిన నటుడి ప్రతిబింబాన్ని దాని మీద పడేస్తారు. మీ నాలుగడుగుల స్టేజీ కింద మనిషి నిలబడే చోటు లేదు. గాజు బదులు ప్లాస్టిక్ షీటు కడితే గాలికి బొమ్మ వణుకుతుంది. పక్కన కూర్చున్న జనానికి అసలు కనపడదు. దాన్ని వదిలేయండి.

---

పార్‌లైట్

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీపాల సంగతి నేను కలుపుతాను.

అద్దెకొచ్చే చవక ఎల్ఈడీ పార్‌లతో ఒక చిక్కుంది. పది శాతం కిందికి దించేటప్పుడు మెల్లగా ఆరవు, మెట్లు మెట్లుగా దూకి టక్కున ఆరిపోతాయి. దెయ్యం మాయమయ్యే క్షణంలో ఆ దూకుడు కళ్లకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తెర వెనక వాడే రెండు పార్‌ల ముందు బటర్ పేపరు రెండు మడతలు కట్టండి. అప్పుడు 40 శాతం దగ్గర నడిపినా వెలుతురు సరిపడా తగ్గి ఉంటుంది, దిగేటప్పుడు జారుడుగా దిగుతుంది. ఇవి ఎల్ఈడీలు కాబట్టి కాగితం కట్టగలం. పాత హాలోజన్ దీపాలకు కాగితం కడితే అంటుకుంటుంది.

పన్నెండింటిలో నాలుగు వెనక నుంచి, నాలుగు పక్కల నుంచి, రెండు తెర వెనక, రెండే రెండు ముందు నుంచి. పొగ వెనక వెలుతురులోనే అందంగా కనపడుతుంది. ముందు నుంచి కొడితే పొగ తెల్ల గోడలా నిలబడి నటుల్ని మింగేస్తుంది. ఆకుపచ్చ వద్దు, అది జాతర దెయ్యం రంగు. మేడ లోపల ఆముదం దీపపు పసుపు, బయట పల్చటి నీలం, అంతే. షావుకారు ముఖం మీద ఒక్కచోట కింద నుంచి దీపం వేయండి. నాటకమంతా వేస్తే దాని పదును పోతుంది.

లైట్లన్నిటినీ ఒకే బోర్డు నుంచి నడిపే డీఎంఎక్స్ పద్ధతిలో, ప్రతి పార్‌ను 7 చానెళ్ల మోడ్‌లో పెట్టి అడ్రసులు 1, 8, 15 అలా 78 దాకా ఇవ్వండి. డీఎంఎక్స్ వైరు చివరి పార్ దగ్గర 120 ఓమ్‌ల టెర్మినేటరు పెట్టకపోతే, తీగ పొడవైనప్పుడు లైట్లు వాటంతటవే మిణుకుతాయి. జనం దాన్ని కూడా దెయ్యమే అనుకుంటారు గానీ మీ కోడలి రంగం చెడుతుంది.

కరెంటు సంగతి. 54 బల్బుల 3 వాట్ల పార్ ఒక్కోటి సుమారు 150 వాట్లు లెక్కేసుకోండి, పన్నెండుకు 1800. పొగ మిషను ఒక్కటే 6.5 ఆంపియర్లు లాగుతుంది, అదీ వేడెక్కాలనిపించినప్పుడల్లా. దాన్ని సౌండు ఉన్న ఫేజు మీద పెట్టకండి. ఓల్టేజీ పడినప్పుడల్లా స్పీకర్లలో గుయ్యిమంటుంది.

పురుగుల సంగతి మర్చిపోతారు చాలామంది. అప్పటికి చుట్టూ దాళ్వా (రెండో పంట) వరి ఉంటుంది. సుడిదోమ దీపానికి మబ్బులా వస్తుంది, పాడేవాళ్ల నోట్లో పడుతుంది. స్టేజీకి యాభై అడుగుల దూరాన, గాలి వాలులో, తెల్లటి పెద్ద బల్బు ఒకటి జనానికి కనపడకుండా గోడ చాటున వెలిగించి ఉంచండి. తెలుపు, నీలం దీపాల కంటే పసుపు దీపానికి పురుగు తక్కువ వస్తుంది. మేడ లోపలి రంగాలకు పసుపు ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

---

ఐస్‌పెట్టె

పొగ మిషను పొగ వేడిగా వస్తుంది కాబట్టి పైకి లేస్తుంది. చల్లబరిస్తే నేల పట్టుకుంటుంది. మన జిల్లాల్లో దానికి కావాల్సిన సరుకు అడుగడుగునా ఉంది: రొయ్యలు, చేపలు పంపే థర్మోకోల్ పెట్టె, ఐసు.

మూతున్న పెద్ద పెట్టె తీసుకోండి. ఒక వైపు పై భాగంలో నాలుగంగుళాల పీవీసీ పైపు దూరేలా రంధ్రం, ఎదురు వైపు అడుగున అలాంటిదే ఇంకొకటి. లోపల అడుగు నుంచి మూడంగుళాల ఎత్తున కోళ్ల వల లాంటి ఇనప జాలీ బల్లలా పెట్టి, దాని మీద కోడిగుడ్డు సైజు ఐసు ముక్కలు పది కిలోలు పోయండి. పెట్టె అడుగున నీళ్లు పోయేందుకు చిన్న రంధ్రం, దాని కింద బకెట్టు. మిషను మూతికీ పైపుకీ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ వదలండి. మూతి బాగా వేడిగా ఉంటుంది, పైపును తాకితే కరిగిస్తుంది. పైగా మధ్యలో బయటి గాలి కలిస్తేనే పొగ ముందుకు తోసుకుపోతుంది. ఐసు పొడి చేస్తే దారి మూసుకుపోతుంది, దిమ్మలు వేస్తే చల్లబడదు. పెట్టెను ముందే వాషింగ్ సోడాతో కడిగి రెండు రోజులు ఎండబెట్టండి, లేకపోతే షావుకారు మేడంతా రొయ్యల వాసనే.

పది సెకన్ల ఊదుడు, తర్వాత మిషను మళ్లీ వేడెక్కేదాకా ఆగాలి. ఆ సమయం మిషనును బట్టి మారుతుంది, కాబట్టి ముందే గడియారం పెట్టి కొలిచి స్క్రిప్టులో రాసుకోండి. పాట మొదలయ్యాక ఊదకండి. పాటకు ముప్పై సెకన్ల ముందు ఊదితే పరుచుకునే టైముంటుంది, మిషను చప్పుడూ పాటలో దూరదు. గొంతులూ ఎండిపోవు.

సముద్రపు గాలి సాయంత్రం ఆగ్నేయం నుంచి కొడుతుంది, రాత్రి గడిచేకొద్దీ పడిపోతుంది. ఏడు గంటలకు చేసిన రిహార్సల్‌లో పొగ ఎగిరిపోయిందని మిషను రెండోది తెచ్చుకుంటారు, పదింటికి అది స్టేజీని కప్పేస్తుంది. నాటకం వేసే వేళకే, అదే గ్రౌండులో పొగ సరిచూసుకోండి. స్టేజీ ముందు అంచుకు తొమ్మిదంగుళాల చెక్క కట్టుబడి పెడితే పొగ వెంటనే కిందికి జారిపోదు.

డ్రై ఐసు దొరికినా వద్దంటాను. అది మైనస్ 78.5 డిగ్రీలు, చేతికి తగిలితే కాలినట్టే. కిలో డ్రై ఐసు ఐదొందల లీటర్ల పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు గాలి కంటే బరువు. స్టేజీ మీంచి జారి ఎక్కడికి పోతుంది? కింద నేల మీద కూర్చున్న హార్మోనియం, తబలా వాళ్ల దగ్గరికి, ముందు చాప మీద పిల్లల దగ్గరికి. మామూలు పొగకైనా వాద్యాల వాళ్లను పక్క వింగులో, అడుగున్నర ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టండి. చల్లటి తేమ తగిలితే తబలా మూత సడలి శ్రుతి దిగిపోతుంది.

చివరిగా ఇంకొకటి. పొగ ద్రవం నేల మీద పల్చటి జిడ్డు పొర వదులుతుంది. రెండో అంకంలో పరిగెత్తే రంగం ఉంటే విరామంలో తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఈ పని ఫలానా మనిషిదని పేరు పెట్టి అప్పగించండి.

---

షడ్జమం

పాట గురించి నేను రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

మీ కథలో జోలపాటే వెన్నెముక. దాన్ని మొదటి అంకంలో శంకరాభరణం స్వరాల్లో, తిశ్ర నడకలో, మామూలు తల్లి పాడే జోలలా కట్టండి. జనం దాన్ని ఇంటికి పట్టుకెళ్లేంత తేలికగా ఉండాలి. రెండో అంకంలో అదే మాటలు, అదే వంపులు, కానీ మూడు స్వరాలు మార్చండి: అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం బదులు ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం బదులు శుద్ధ ధైవతం. రిషభం, నిషాదం అవే. ఇప్పుడది సింహేంద్రమధ్యమం. పాట గుర్తుపడతారు, కానీ ఏదో తేడా ఉందని ఒళ్లు చెబుతుంది. నడక కూడా ఆరు నుంచి ఐదుకు మార్చండి, తబలా ఒక మాత్ర ఎగ్గొట్టినట్టు. ఊయల ఊగుతూ ఊగుతూ ఒక అడుగు తప్పినట్టుంటుంది.

షావుకారు ఎదురుచూపుకు శుభపంతువరాళి. రిషభం షడ్జమానికి అంత దగ్గరగా ఉండడంలోనే ఆ దుఃఖం ఉంది. అయితే నాటకమంతా అవే రెండు రాగాల్లో నడపకండి. గుమాస్తాకు మోహనంలో ఒక హుషారైన పాట పెట్టండి, రేవులో కళాసీల పాట ఒకటి పెట్టండి. వెలుతురు లేకుండా చీకటి తెలియదు. రెండు గంటలకు తొమ్మిది పాటలు మించొద్దు.

శ్రుతి పెట్టెలో మేడ రంగాలకు పంచమం తీసేసి షడ్జమం ఒక్కటే ఉంచండి. ఆ ఖాళీతనం జనానికి ఎందుకో తెలియకుండానే తగులుతుంది. కీబోర్డు వాళ్లకు గట్టిగా చెప్పండి, సినిమా దెయ్యాల శబ్దాలు ఒక్కటి కూడా వేయొద్దని. క్లారినెట్ మంద్రంలో ఒంటరిగా పట్టిన ఒక్క స్వరం చాలు.

ఆడ, మగ కలిసి పాడేవి తగ్గించండి. ఆవిడ ఐదు శ్రుతిలో (ఎత్తుగా), ఆయన ఒకటిన్నరలో (తగ్గుగా) హాయిగా పాడేవాళ్లయితే, ఏ శ్రుతి పెట్టినా ఒకరు అరుస్తారు, ఒకరు గొణుగుతారు. మాట మార్చి మాట పాడించి, చివరి చరణం ఒక్కటే కలపండి. ఆ చరణంలో ఆయన కింది స్థాయిలో ఒకే స్వరం పట్టుకుంటే చాలు.

పద్యాలు నా లెక్కన తీసేయండి. దెయ్యం కథలో పద్యం రాగానే జనం పౌరాణికంలోకి వెళ్లిపోతారు.

---

పద్యప్రియ

షడ్జమం గారూ, మిగతాదంతా శిరోధార్యం, పద్యం విషయంలో మాత్రం ఒప్పుకోలేను. గోదావరి జనం ముందు పద్యం లేని సంగీత నాటకమా? చెడగొట్టేది పద్యం కాదు, వన్స్ మోర్. షావుకారు కొడుకు కోసం ఏడుస్తూ శార్దూలం అందుకుని చివర రాగం పొడుగ్గా తీస్తే చప్పట్లు, ఈలలు, వన్స్ మోర్. ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి పాదం ఎత్తుకుంటాడు. భయం అక్కడితో చచ్చిపోయినట్టే.

దానికి మందు కట్టుబడిలోనే ఉంది. మొదటి అంకంలో, దెయ్యం సూచన రాకముందే, షావుకారు తన పాత వైభవం చెప్పుకునే చోట ఉత్పలమాలో మత్తేభమో ఒకటి పెట్టి, రాగం మనసారా తీయనివ్వండి. వన్స్ మోర్ అంటే మళ్లీ పాడండి, జనం ముచ్చట తీరుతుంది. ఆ తర్వాత పద్యాలన్నీ తేటగీతులూ కందాలే. చివర ఆలాపన లేకుండా, ఆఖరి అక్షరం మీదే తలుపు చప్పుడో కోడలి జోలో మొదలైపోవాలి. చప్పట్లు కొట్టే సందు ఇవ్వకపోతే వన్స్ మోర్ పుట్టదు. హార్మోనియం వాయించేవాళ్లు అలవాటుకొద్దీ పద్యం చివర ముక్తాయింపు వేస్తారు. ఆ ఒక్కటి మానిపించడానికే విడిగా రిహార్సల్ పెట్టుకోవాలి.

---

షడ్జమం

ఆఖరి అక్షరం మీద జోల ఎత్తుకోవడం బావుంది, ఒప్పుకుంటున్నాను. అయితే పద్యం శ్రుతీ జోల శ్రుతీ ఒకటే ఉండేలా చూడండి. లేకపోతే కోడలు స్వరం వెతుక్కుంటుంది.

---

మిక్సర్_బల్ల

ముసుగు, మైకు. ముసుగు పై పెదవి దాకా రాకూడదు. ముక్కు రంధ్రాలు, నోరు, దవడ వదిలేయాలి, లేకపోతే శ్వాస అందదు, పలుకు ముద్దవుతుంది. పాత నూలుగుడ్డ మూడు నాలుగు పొరలు జిగురుతో అచ్చు మీద అంటించి చేస్తే తేలిగ్గా ఉంటుంది. లోపల మెత్తటి నూలు అస్తరు వేయండి, చెమట పీలుస్తుంది. ఒంటికి అంటించే గమ్ము మన ఉక్కకు నిలవదు, ఎలాస్టిక్ వాడండి.

కాలర్ మైకును కాలరుకు పెట్టకండి. తల తిప్పినప్పుడల్లా గొంతు మాయమవుతుంది. ముసుగు కిందా పెట్టకండి, రాపిడి శబ్దం వస్తుంది. ముసుగు లేని వైపు చెంప మీద, చెవి ముందు నుంచి నోటి మూలకు రెండంగుళాల దూరం దాకా తెచ్చి మైక్రోపోర్ ప్లాస్టరుతో అంటించండి. కోడలికైతే పాపిట మొదట్లో, జుట్టు అంచున పెట్టొచ్చు. తీగ మెడ వెనక నుంచి దించి ట్రాన్స్‌మిటర్‌ను చిన్న ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకు కట్టండి. వైర్‌లెస్ మైకులు ఎక్కువగా చెడేది చెమట వల్లే. బ్యాటరీలు సగం ఉన్నాయని వదలొద్దు, ఆట మొదలయ్యే ముందు అన్నీ కొత్తవి వేయండి.

స్పీకర్లు నటుల గీత కంటే ముందుండాలి, వెనక్కి పోతే కూత మొదలవుతుంది. కోడలి గొంతుకు ప్రతిధ్వని పెట్టాలని అందరికీ ఆశ. రెండున్నర సెకన్ల ప్రతిధ్వని పాటంతా పెడితే సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు. పాట పొడిగా వదిలేసి, చరణం చివరి మాట మీద మాత్రమే పెంచి మళ్లీ దించండి. మిక్సరు దగ్గర కూర్చున్న మనిషికి పాట నోటికి రావాలి.

ఉరుముకు రికార్డింగు వద్దు. ముడతల్లేని సాదా జీఐ రేకు, మూడడుగులు బై ఆరు, పలచటిది, రెండు తాళ్లతో వింగులో వేలాడదీసి కింది అంచు పట్టుకుని ఊపండి. మూడడుగుల దూరంలో ఒక మైకు. మెరుపుకూ ఉరుముకూ మధ్య రెండు సెకన్లు వదిలితే పిడుగు దాదాపు ఏడు వందల మీటర్ల దూరాన పడినట్టు లెక్క. కథ ముదిరేకొద్దీ ఆ ఎడం తగ్గించుకుంటూ రండి. తుపాను దగ్గరికొస్తున్నట్టు ఎవరూ చెప్పక్కర్లేదు.

మెరుపుకు డీజే వాళ్ల స్ట్రోబు వాడకండి. సెకనుకు మూడు సార్లకు మించి మిణికితే మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం. పక్క వింగులోంచి ఒక్క తెల్ల దీపం, ఎడాపెడా రెండు మూడు సార్లు, అంతే.

---

పాతరేవు

కథ మీద చిన్న సవరణలండి. ఉప్పెన 1839 నవంబరు 25న వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందే 1847లో, ముగిసింది 1852లో. కాబట్టి మీ గుమాస్తాకు నడవడానికి కాటన్ దొర కాలవలూ లేవు, లాకులూ లేవు. పడవ మీద రప్పించండి, లేదా మడ అడవి పక్క గట్టు మీద. మడ చెట్ల ఊడలు సరుగుడు కర్రలతో, గోనెపట్టాతో తేలిగ్గా కట్టొచ్చు. లాకుల కంటే అవే భయంగా ఉంటాయి.

కిరసనాయిలు లాంతరు కూడా అప్పటికి లేదు. ఆముదం దీపమో కాగడానో కావాలి. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసిందే 1839లో, అదీ పారిస్‌లో. కోరంగి గోడ మీద ఫొటో కుదరదు. రంగుల్లో గీసిన పటం పెట్టండి. అదే పటాన్ని దోమతెర మీద అద్దితే, వెనక దీపం వెలిగినప్పుడు పటం కరిగి కోడలు కనపడుతుంది. కోరంగిలో ఓడలు కట్టేవాళ్లు, అక్కణ్నుంచి బర్మా రేవులకు నడిచేవి. బర్మాలో మనవాళ్లను కోరంగీలనే పిలిచేవారు. కొడుకు ఆ వైపు వెళ్లాడంటే సరిగ్గా అతుకుతుంది.

ఇంకో మాట. నాటకంలో ఉప్పెన వర్ణన రాసేటప్పుడు 1996 నవంబరు తుపాను ఆనవాళ్లు ఏవీ రానివ్వకండి. ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ ఆ చాపల మీదే కూర్చుని చూస్తారు. అలాగే షావుకారు ఇంటిపేరు, మేడ ఆకారం చుట్టుపక్కల ఏ కుటుంబానికీ తగలకుండా చూసుకోండి.

---

కోరంగి_తీరం

అందరికీ శతకోటి దండాలండి. లాకులు తీసేస్తున్నాం, పడవే. పటం కరిగే ఆలోచన మా రచయితకు చెప్పగానే రెండో అంకం తిరగరాయడానికి కూర్చున్నాడు. ఇంకా రెండే అనుమానాలు. కాగడా నిజందే వాడొచ్చా? ఒక పరభాషా సంగీత నాటకం పాటకు తెలుగు మాటలు కట్టి ఒకచోట వాడుకుందామంటున్నారు, కుదురుతుందా? అనుమతుల సంగతి కూడా చెప్పండి.

---

తెరవెనుక_మనిషి

కాగడా నిజంది వద్దండి. తాటాకు పందిరి, దోమతెర, గాడాగుడ్డ ఫ్లాట్లు (చట్రానికి బిగించిన గుడ్డ గోడలు), పైన గాలి. కర్ర చివర పసుపు ఎల్ఈడీ బల్బులు రెండు పెట్టి, పైన నారింజ రంగు పట్టు పీలికలు కట్టి, కింద కంప్యూటరు ఫ్యాను చిన్నది బిగిస్తే పది అడుగుల నుంచి మంటే.

దీపం నిజంది కాకపోయినా గుడ్డలకు మందు పట్టించండి. పది లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 700 గ్రాముల వెలిగారం, 300 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, నూలు గుడ్డలు తడిసేలా ముంచి పిండకుండా ఆరేయండి. ఆరాక ఒక పీలిక కత్తిరించి బయట అగ్గిపుల్లతో చూడండి. మంట తీయగానే ఆరిపోవాలి. ఇది నూలుకే పనిచేస్తుంది. నైలాను దోమతెర కరిగి బొట్లు బొట్లుగా పడుతుంది, దాన్ని వేడి దీపాలకు దూరంగా ఉంచడమే మార్గం. మంచుకు తడిసినా వాన పడినా మందు కొట్టుకుపోతుంది, మళ్లీ పట్టించాలి. స్టేజీకి రెండు పక్కలా ఇసుక బకెట్లు, కరెంటు బోర్డు దగ్గర మంటలార్పే పొడి మందు సిలిండరు.

ఫ్లాట్ల రంగుకు ఎనామిల్ వాడకండి, మెరిసి దీపం తిరగ్గొడుతుంది. డిస్టెంపరే సరి. గంజి పెట్టిన గుడ్డకు బూజు పట్టకుండా గంజిలో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, వంట గిన్నెల్లో కలపొద్దు.

పరభాషా పాట విషయం. కాపీరైటు చట్టం 1957లోని 52వ సెక్షను ప్రకారం, ఔత్సాహిక సమాజం టిక్కెట్టు లేకుండా జనానికి ప్రదర్శిస్తే మినహాయింపు ఉంది. అది ప్రదర్శనకే. తెలుగులోకి మార్చుకోవడం, వీడియో తీసి నెట్లో పెట్టడం వేరే హక్కులు, వాటికి అనుమతి కావాలి. సొంత జోలపాట ఉండగా అద్దె పాట దేనికి?

మైకుకు పోలీసు అనుమతి తప్పదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు ఆపాలి. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ సడలింపు మీ ఊరికి వర్తిస్తుందో లేదో స్టేషనులో ముందే కనుక్కోండి. శివరాత్రికి ద్రాక్షారామం, సామర్లకోట వైపు బందోబస్తుకు వెళ్లిపోతారు కాబట్టి దరఖాస్తు మూడు వారాల ముందే పెట్టాలి. తొమ్మిదిన్నరకు మొదలెడితే పదకొండున్నరకు అయిపోతుంది. చీకటీ గాలీ రెండూ కలిసొచ్చే వేళ అదే.

ఆఖరి పని, క్యూల పుస్తకం, అంటే ఏది ఎప్పుడు జరగాలో వరసగా రాసుకున్నది. దీపం, పొగ, శబ్దం, తెర, అన్నిటికీ ఒకే వరసలో అంకెలు వేయండి, కానీ 5, 10, 15 అని ఎడం వదిలి. రిహార్సల్‌లో మధ్యలో కొత్తది దూరిస్తే మొత్తం తిరగరాయక్కర్లేదు. ఒక్క మనిషే పిలవాలి. తెరవెనక ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలిగితే సిద్ధం, ఆరితే చెయ్యి. దుస్తులూ పాటలూ లేకుండా, క్యూల వెంబడి మాత్రమే గెంతుతూ ఒక రాత్రి, ఆ తర్వాత అన్నిటితో కలిపి రెండు రాత్రులు వేసుకోండి. దోమతెర రంగాన్ని మాత్రం జనం కూర్చునే నాలుగు మూలల నుంచీ మనిషిని పెట్టి చూపించుకోండి. ఎడమ చివర కుర్చీలోంచి కోడలు నిలబడే చోటు ముందే కనపడుతుంటే వింగు గుడ్డ ఒక అడుగు లోపలికి జరపాలి.